435 మెగాహెర్ట్జ్ క్వాడ్రేచర్ మాడ్యులేటర్ బోర్డు: ఇమేజ్‌ను అణచే పని ఎక్కడిదాకా వచ్చింది

బేస్‌బ్యాండ్ సిగ్నల్‌ను (రేడియో ఫ్రీక్వెన్సీకి ఎక్కించకముందు ఉన్న అసలు సిగ్నల్‌ను) నేరుగా 435 మెగాహెర్ట్జ్‌కు చేర్చే మాడ్యులేటర్ బోర్డు ఇప్పుడు నమ్మదగిన స్థితికి వచ్చింది. ఇందులో మధ్యంతర ఫ్రీక్వెన్సీ అంటూ ఏదీ లేదు. ఏడీఎల్5375 చిప్‌లోని రెండు మిక్సర్లే (రెండు సిగ్నళ్లను గుణించే భాగాలే) మొత్తం పని చేస్తాయి. 435 మెగాహెర్ట్జ్ తరంగాన్ని ఇచ్చే లోకల్ ఆసిలేటర్ సిగ్నల్ చిప్ లోపల రెండుగా చీలుతుంది, వాటి మధ్య 90 డిగ్రీల ఫేజ్ తేడా ఉంటుంది. బేస్‌బ్యాండ్ ఐ, క్యూ అనే రెండు సిగ్నళ్లుగా వస్తుంది. ఐ సిగ్నల్‌ను ఒక మిక్సర్ మొదటి భాగంతో, క్యూ సిగ్నల్‌ను రెండో మిక్సర్ రెండో భాగంతో గుణిస్తాయి. ఆ రెండు ఫలితాలు కలిసి బయటికి వస్తాయి. ఐ కి కొసైన్, క్యూ కి సైన్ తరంగం ఇచ్చినప్పుడు ప్రతి మిక్సరూ ఎగువ, దిగువ సైడ్‌బ్యాండ్లు (435కు పైన, కింద ఉండే సిగ్నళ్లు) రెంటినీ పుట్టిస్తుంది. కానీ అవి కలిసేచోట ఒక పక్కవి ఒకే ఫేజ్‌లో ఉండి బలపడతాయి, రెండో పక్కవి ఎదురెదురు ఫేజ్‌లో ఉండి రద్దవుతాయి. ఆ రెండో పక్కన రద్దు కాకుండా మిగిలేదే ఇమేజ్. కోరుకున్న సిగ్నల్‌కు అంత దగ్గరలో ఉండే ఇమేజ్‌ను ఈ ఫ్రీక్వెన్సీలో ఫిల్టర్‌తో వేరుచేయడం దాదాపు అసాధ్యం కనుక, ఆ రద్దు ఎంత కచ్చితంగా జరిగిందన్నదే ఈ బోర్డు నాణ్యతకు కొలత.

బేస్‌బ్యాండ్ వైపు పని సులభంగానే కుదిరింది. నేను వాడిన చిప్ రకానికి నాలుగు ఇన్‌పుట్ కాళ్ల మీదా 0.5 వోల్టుల డీసీ ఉండాలి. 14 బిట్ల డాక్ (డిజిటల్ అంకెలను కరెంటుగా మార్చే చిప్) పూర్తి కరెంటు 20 మిల్లీఆంపియర్లు కాబట్టి సగటు 10 మిల్లీఆంపియర్లు అవుతుంది. ప్రతి కాలు నుంచి గ్రౌండ్‌కు 50 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే ఆ 0.5 వోల్టులు వాటంతట అవే వచ్చేస్తాయి. జంట కాళ్ల మధ్య మరో 100 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టడంతో డీసీ మారకుండా, సిగ్నల్ ఊపు మాత్రం 2 వోల్టుల నుంచి 1 వోల్టుకు తగ్గింది.

కొలతకు లోకల్ ఆసిలేటర్‌ను 435 మెగాహెర్ట్జ్ వద్ద ఉంచి, బేస్‌బ్యాండ్‌లో 1 మెగాహెర్ట్జ్ టోన్ ఇచ్చాను. బోర్డు అవుట్‌పుట్ యాంటెన్నాకు కాక, సిగ్నల్‌ను తగ్గించే 10 డెసిబెల్ అటెన్యుయేటర్ గుండా స్పెక్ట్రమ్ ఎనలైజర్‌కే (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత బలం ఉందో చూపే పరికరానికే) వెళుతుంది. తెర మీద 436 వద్ద కోరుకున్న గీత, 435 వద్ద క్యారియర్ లీకేజీ (బయటికి కారే ఆసిలేటర్ సిగ్నల్), 434 వద్ద ఇమేజ్ నిలబడ్డాయి. వీటికి తోడు 432 వద్ద మరో చిన్న గీత కనబడింది. ఐ, క్యూ మార్గాలలో మూడో హార్మోనిక్ (టోన్‌కు మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ) పుట్టినప్పుడు అది అసలు టోన్‌కు వ్యతిరేక దిశలో తిరుగుతుంది కనుక, 438 వద్ద కాకుండా క్యారియర్‌కు అవతలి పక్కన, 432 వద్ద తేలుతుంది. డాక్ స్థాయిని 1 డెసిబెల్ తగ్గిస్తే ఈ గీత 3 డెసిబెల్‌ల దాకా పడిపోయింది. ఇది ఇమేజ్ కాదని, సిగ్నల్ పెద్దదవడం వల్ల వచ్చిన వక్రీకరణ అని తేల్చుకోవడానికి ఇంతకంటే సూటైన పరీక్ష నాకు తెలియదు.

ఎక్కువ శ్రమ పెట్టింది, ఎక్కువ ఫలితం ఇచ్చింది లోకల్ ఆసిలేటర్ మార్గమే. ఆసిలేటర్‌గా ఉన్న ఏడీఎఫ్4351, 3480 మెగాహెర్ట్జ్‌ను 8తో భాగించి 435ను తయారుచేస్తుంది. డివైడర్ నుంచి వచ్చే తరంగం దాదాపు చతురస్రాకారంలో ఉంటుంది కనుక 1305 మెగాహెర్ట్జ్ వద్ద మూడో హార్మోనిక్ గట్టిగా ఉంటుంది. 90 డిగ్రీలు విడదీసే చిప్‌లోని భాగం గుండా ఈ హార్మోనిక్ కూడా ప్రయాణించి, రెండు మార్గాలలోనూ తరంగం సున్నాను దాటే క్షణాలను వేర్వేరుగా జరుపుతుంది. మిక్సర్లు మారేది సరిగ్గా ఆ క్షణాలలోనే. మొదట ఇమేజ్ 29 డెసిబెల్‌లు మాత్రమే కింద ఉంది. అదంతా ఫేజ్ లోపమే అనుకుంటే సుమారు 4 డిగ్రీలకు సమానం. ఆసిలేటర్‌కు, చిప్‌కు నడుమ 600 మెగాహెర్ట్జ్ దగ్గర కోసే లో పాస్ ఫిల్టర్ పెట్టగానే అది 37 డెసిబెల్‌లకు దిగింది. సాఫ్ట్‌వేర్ దిద్దుబాటుకు ముందే ఈ ఫిల్టర్ పెట్టి తీరాలన్నది నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే హార్మోనిక్ వల్ల వచ్చే లోపం ఫ్రీక్వెన్సీ మార్చిన ప్రతిసారీ కొత్త రూపం ఎత్తుతుంది.

ఆ తర్వాతే డిజిటల్ వైపు దిద్దాను. లీకేజీకి ప్రధాన కారణం డీసీ ఆఫ్‌సెట్ (జంట కాళ్ల మధ్య మిగిలిపోయే చిన్న డీసీ తేడా): 0.5 వోల్టుల శిఖరం ఉన్న టోన్‌కు పక్కన 5 మిల్లీవోల్టుల ఆఫ్‌సెట్ ఉన్నా క్యారియర్ 40 డెసిబెల్‌ల దూరంలోనే ఆగిపోతుంది. ఐ ఆఫ్‌సెట్‌ను కనిష్ఠానికి తెచ్చి, తర్వాత క్యూ ను, మళ్లీ ఐ ను సరిచేయాలి. లీకేజీకి పరిమాణమే కాక ఫేజ్ కూడా ఉన్నందువల్ల ఒక్కదానితోనే అది పూర్తిగా పోదు. డాక్ ఒక్క మెట్టు సుమారు 0.06 మిల్లీవోల్టు కనుక సవరణకు కావలసిన సున్నితత్వం అందులోనే ఉంది. ఇమేజ్‌కూ ఇదే పద్ధతిలో గెయిన్, ఫేజ్ మార్చి మార్చి దిద్దాలి. గెయిన్ తేడా 0.1 డెసిబెల్ ఉంటే ఇమేజ్ 45 డెసిబెల్‌ల దగ్గర, ఫేజ్ లోపం 1 డిగ్రీ ఉంటే 41 దగ్గర ఆగిపోతుంది. నా బోర్డు మీద ఇప్పుడు అది 60కి అటుగా ఉంది. చిప్ వేడెక్కే కొద్దీ ఈ అంకె జారుతుంది కాబట్టి, బోర్డు స్థిరమైన ఉష్ణోగ్రతకు వచ్చాకే విలువలను భద్రపరుస్తున్నాను.

ఇక మిగిలింది వెడల్పైన సిగ్నల్. ఐ, క్యూ మార్గాల మధ్య 1 నానోసెకను తేడా ఉంటే 1 మెగాహెర్ట్జ్ వద్ద 0.36 డిగ్రీలే అయినా, 10 మెగాహెర్ట్జ్ వద్ద 3.6 డిగ్రీలు అవుతుంది. దానిని ఒకే స్థిరమైన ఫేజ్ సవరణతో దిద్దలేము. అందుకని డాక్ తర్వాతి ఫిల్టర్లలోని ఇండక్టర్లను, కెపాసిటర్లను కొలిచి జతలు కడుతున్నాను, రెండు కేబుళ్లనూ ఒకే పొడవుకు కోస్తున్నాను.