ఆఖరి గుక్క చప్పుడు

హన్మకొండలో మా ఇంటికి వచ్చినవారెవరూ చాయ్ తాగకుండా వెళ్ళరు. వారు చేయవలసిన పని కూడా ఏమీ ఉండదు, "ఇప్పుడే తాగి వచ్చినం" అని ఒకటికి రెండుసార్లు అనడం తప్ప. అతిథి అంటే ఊరకే కూర్చునేవాడన్న ఈ నమ్మకంతోనే, నిరుడు నవంబరులో జపాన్‌లోని ఒసాకాలో ఉద్యోగం చేస్తున్న మా బిడ్డ దగ్గరికి వెళ్ళినప్పుడు, కియోటోలో ఒక తేనీటి గదికి తీసుకుపోతానని ఆమె అంటే నేనూ మా ఇంటావిడా సరేనన్నాము. అతిథికి పద్ధతిగా తేనీరు పోసే ఈ మర్యాదను అక్కడివాళ్ళు 'చానోయు' అంటారు. మన చాయ్, వాళ్ళ చా రెండూ చీనా మాట నుంచి వచ్చినవే కాబట్టి పెద్ద తేడా ఉండదనుకున్నాను.

మొదటి పని లోపలికి వెళ్ళడమే. 'నిజిరిగుచి' అనే ఆ ద్వారం ఎత్తు, వెడల్పు ఒక్కొక్కటి సుమారు 65 సెంటీమీటర్లు. గూనపెంకుల ఇంట్లో పుట్టినవాణ్ణి కాబట్టి చూరు కింద తల వంచడం నాకు అలవాటే గానీ, పిడికిళ్ళు చాపకు ఆనించి మోకాళ్ళ మీద జరుగుతూ ఒక గదిలోకి పోవడం అదే మొదలు. పూర్వం సమురాయిలు కూడా కత్తి బయట పెట్టి ఇట్లాగే దూరవలసి వచ్చేదట. నా దగ్గర కత్తి లేదు గానీ ఎడమకాలి మేజోడుకు బొటనవేలి దగ్గర చిల్లు ఉన్నది. బూట్లు విప్పేదాకా ఆ సంగతి నాకే తెలియదు. వెనుక వస్తున్న మా బిడ్డ "బాపూ, కాలు ముడుచుకో" అని మెల్లగా అన్నది.

ఈ పద్ధతికి రూపం దిద్దిన సెన్ నో రిక్యూ (1522–1591) సకాయ్ రేవుపట్టణపు వర్తకుల ఇంట పుట్టినవాడు. ఆయన కొలిచిన ప్రభువు హిదెయోషి బంగారు రేకులు తాపిన తేనీటి గదిని చేయించుకుంటే, రిక్యూ మాత్రం రెండు చాపల మట్టిగోడల గదిలో, చేత్తో మలచిన నల్లటి గిన్నెలో తేనీరు పోశాడు. అటువంటి గిన్నెలు చేసిన చోజిరో పెంకులు కాల్చే పని నుంచి వచ్చినవాడంటారు. చివరికి ఆ ప్రభువే రిక్యూను ఆత్మహత్య చేసుకొమ్మని ఆజ్ఞాపించాడు. కారణమేమిటన్నది చరిత్రకారులు ఇప్పటికీ తేల్చలేదు.

అరవై ఏళ్ళు దాటిన ఆతిథేయురాలు మాకు వంగి నమస్కరించి, అప్పటికే శుభ్రంగా ఉన్న వెదురు చెంచాను మడతపెట్టిన పట్టుగుడ్డతో మళ్ళీ తుడిచింది. మొదట నాకది దండగ పని అనిపించింది. కానీ ఆమె గుడ్డను మడిచే తీరు, చెంచా మొదలు నుంచి కొస దాకా ఒక్క తీరుగా జరిపే చేయి చూస్తుంటే, ఆ తుడుపు చెంచా కోసం కాదనీ, చూస్తున్న మా కోసమనీ తెలిసింది. నేలలో దించిన పొయ్యి మీద ఇనుపకుండ సన్నగా సొద పెడుతున్నది. ఆ చప్పుడును వాళ్ళు పైన్ చెట్ల గాలి అంటారట.

తేనీటికి ముందే తీపి తినాలి. తీపి తిన్న నోటికి చాయ్ చప్పబడుతుందని మనం వద్దంటాము, వాళ్ళ తేనీటిలో చక్కెర ఉండదు కాబట్టి ఆ వరుసే సరైనది. ఎర్రని ఆకు ఆకారంలో ఉన్న ఆ మిఠాయి లోపల అచ్చం మన భక్ష్యాల్లో పూర్ణం వంటి ముద్ద ఉన్నది.

ఆ తరువాత ఆమె రెండు చెంచాల పచ్చటి పొడి గిన్నెలో వేసి, వేడినీళ్ళు పోసి, ఒకే వెదురు ముక్కను సన్నని పుల్లలుగా చీల్చి చేసిన కవ్వంతో నురగ వచ్చేదాకా చిలికింది. గిన్నెను అరచేతిలో పెట్టుకొని, దాని ముఖభాగం మన పెదవికి తగలకుండా రెండుసార్లు తిప్పి తాగాలి. ఆఖరి గుక్కను మాత్రం చప్పుడయ్యేట్టు జుర్రాలి, అయిపోయిందని ఆతిథేయికి తెలిపే మర్యాద అదేనట. అంచును వేళ్ళతో తుడిచి, తిరిగి తిప్పి, మోచేతులు నేలకు దించి గిన్నెను తీరిగ్గా చూడాలి. నేను చూద్దామని వంగేసరికి మడిచిన కాళ్ళు తిమ్మిరెక్కి పక్కకు ఒరిగాను. మోకాళ్ళ నొప్పులున్న మా ఇంటావిడ వాళ్ళిచ్చిన చిన్న పీట మీద దర్జాగా కూర్చొని, "పాలకూర రసం లెక్కున్నది" అన్నది. ఏమన్నదని ఆతిథేయురాలు అడిగితే, సువాసన బాగున్నదన్నదని మా బిడ్డ చెప్పింది.

మాకు దొరికినది పర్యాటకుల కోసం ముప్పావుగంటకు కుదించినది. భోజనంతో కూడిన అసలు విందు సుమారు నాలుగు గంటలు సాగుతుంది. నా కాళ్ళకు ఈ ముప్పావుగంటే ఎక్కువ.

చాయ్ జుర్రుతానని మా ఇంటావిడ నన్ను పెళ్ళయిన నాటి నుంచి గునుస్తూనే ఉన్నది. హన్మకొండకు తిరిగి వచ్చిన మరునాడు ఆఖరి గుక్కను గట్టిగా జుర్రి, ఇది మర్యాద అని వంగి నమస్కరించాను.

"అంచు తుడుసుడు గూడ ఉండె గద," అన్నది, "లేసి గలాస కడుగుండ్రి."