కౌజుల కోసం మా బీడులో మూడో ఏటి మంట

జనవరి 11, ఆదివారం. పొద్దున పదకొండింటికి అగ్గిపుల్ల గీశాను, ఒంటిగంట కాకముందే కాల్చే పని ముగిసింది. కాలింది ఎకరం మీద కొంచెం. మిగతా రెండెకరాల పైచిలుకు గడ్డి అలాగే నిలబడి ఉంది. ఈసారి నాకు తృప్తినిచ్చింది కాలిన ముక్క కంటే ఆ నిలబడ్డ గడ్డే. ఎందుకో కింద రాస్తాను.

మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా, సిరోంచ తాలూకా. ప్రాణహితకు ఇవతల మేము, అవతల తెలంగాణ. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు. ఉన్న ఆరెకరాల్లో రెండున్నర ఎకరాలు మిర్చి, పత్తి. మిగతా మూడున్నర రాళ్ళ నేల, నాన్న రోజుల నుంచీ పడావు. ఒక పక్క వాగు, ఒక పక్క పక్కవాళ్ళ చేను, ఉత్తరాన రెండు వందల అడుగుల దూరంలో రిజర్వు ఫారెస్టు హద్దు రాళ్ళు. చిన్నప్పుడు ఈ బీడులో పొద్దున్నే కౌజుల కూత చెవులు గింగురుమనేలా వినిపించేది. పశువులు తగ్గాయి, మేత తగ్గింది, గడ్డి ఏటికేడు ఒకదాని మీద ఒకటి పడి పరుపులా అయింది. కూత కూడా తగ్గుతూ వచ్చింది.

గడ్డి ఎక్కువైతే గడ్డిలో బతికే పిట్టకు మంచిదే కదా అని నేనూ అనుకునేవాణ్ణి. కౌజు పిల్ల మన బొటనవేలంత ఉంటుంది, పుట్టిన రోజే తల్లి వెంట పరుగెత్తాలి. ఎండి పడిపోయిన గడ్డి జానెడు మందాన పేరుకుంటే ఆ పిల్ల అడుగు వేయలేదు, పురుగును చూడలేదు, మంచులో తడిస్తే ఆరలేదు. దానికి కావలసింది కింద ఖాళీ నేల, పైన గడ్డి కప్పు. రెండూ ఒకేచోట ఉండాలి. అమెరికాలో జార్జియా, ఫ్లోరిడా పైన్ అడవుల్లో 1920లలో హెర్బర్ట్ స్టొడార్డ్ అనే ఆయన బాబ్‌వైట్ అనే కౌజులాంటి పిట్ట మీద ఏళ్ళ తరబడి పనిచేసి ఇదే తేల్చాడు. నిప్పు ఆపేసిన చోట పిట్ట తగ్గిందని, చలికాలపు చిన్న మంట కావాలని, అక్కడి అటవీ అధికారులు నిప్పు మాటెత్తితేనే మండిపడే రోజుల్లో గట్టిగా చెప్పాడు. మన దగ్గరా ఇది కొత్త కాదు. కర్ణాటకలోని బిళిగిరిరంగన కొండల్లో సోలిగ గిరిజనులు ఎండాకాలం ముదరకముందే 'తరగు బెంకి' అని ఆకుల మంట పెట్టేవారు. అది ఆపించాకే లాంటానా అనే కలుపు పొద కమ్ముకుందని ఈనాటికీ వాళ్ళు చెబుతారు.

అయితే మా వైపు ఎక్కువగా జరిగే మంట ఇది కాదు. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకులు కాలుస్తారు. తునికాకు లేత చిగురు రావాలని కొందరు పొదలకు నిప్పు పెడతారు. అప్పటికి నేలలో తడి ఉండదు, గాలి వేడి, చెట్టు నీరసంగా ఉంటుంది, నేల మీద గూళ్ళలో గుడ్లుంటాయి. అదే అగ్గిపుల్ల, కానీ జనవరి మంట వేరు, ఏప్రిల్ మంట వేరు. తీతువు, కౌజు, లావుక అన్నీ నేల మీదే గుడ్లు పెడతాయి. అందుకే జనవరి 31 దాటితే ఎంత మంచి గాలి ఉన్నా అగ్గిపెట్టె తీయకూడదని నాకు నేనే హద్దు పెట్టుకున్నాను.

బీడును మూడు ముక్కలు చేశాను: తూర్పు ముక్క, నడిమి ముక్క, వాగు ముక్క. ఏడాదికి ఒక్కటే. అంటే ఏ ముక్కకైనా మూడేళ్ళకు ఒకసారే నిప్పు తగలాలి. 2024లో తూర్పుది, 2025లో వాగుదాంట్లో సగం (తడి వల్ల మిగతా సగం అంటుకోలేదు), ఈ ఏడు నడిమిది. మొత్తం ఒకేసారి కాలిస్తే పని తేలికే, మంట దాటకుండా చుట్టూ మట్టి గీతలు తీసే ఖర్చూ తగ్గుతుంది. కానీ ఆ రాత్రి కుందేలు ఎక్కడ పడుకోవాలి? మధ్యప్రదేశ్‌లోని కాన్హా అడవిలో బారాసింగా అనే జింకల సంఖ్య 1970లో 66కు పడిపోయినప్పుడు, ఏటా మైదానాలన్నీ కాల్చే అలవాటును తగ్గించి, పిల్లలు దాక్కోవడానికి పొడుగు గడ్డి మిగల్చడం కూడా వాటిని నిలబెట్టిన పనుల్లో ఒకటి. ఆ సంగతి తెలిశాక నా లెక్క మారింది. ఎంత కాల్చాలన్నది తర్వాత, ముందు ఎంత మిగల్చాలో చూసుకుంటున్నాను.

కాగితాల పని. సాత్‌బారా (నేల ఎవరిదో చెప్పే కాగితం) నకలు జతచేసి పంచాయతీకి ఒక అర్జీ, ఫారెస్టు గార్డు సార్‌కు ఒకటి, ఊళ్ళో పోలీసుల తరఫున ఉండే పోలీస్ పాటిల్‌కు నోటిమాట. నేల నాదే అయినా ఇది తప్పనిసరి. 1927 అటవీ చట్టం 26వ సెక్షన్ రిజర్వు ఫారెస్టుకు నిప్పు పెట్టడాన్నే కాదు, దానికి ముప్పు వచ్చేలా మంట వేయడాన్నీ, వదిలేయడాన్నీ నేరంగా చూస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. మంటలను ఉపగ్రహం పట్టేస్తుంది, హెచ్చరిక ఫోన్లకు వెళ్తుంది. ఆ ఉపగ్రహం చూసే గడి 375 మీటర్లు, అంటే దాదాపు 35 ఎకరాలు. నా ఎకరం మంటకు చుక్క పడితే అది పక్కనున్న అడవిలో పడినట్టు కనిపించవచ్చు. ముందే చెబితే గార్డు సార్ అంత దూరం పరుగెత్తుకు రానక్కర్లేదు. ఫిబ్రవరి 15 నుంచి జూన్ 15 దాకా వాళ్ళకు అగ్గి సీజను, అంతకుముందే డిపార్ట్‌మెంటు వాళ్ళూ తమ జాళరేషలు (మంట దాటకుండా ముందే కాల్చి ఉంచే గీతలు) కాల్చుకుంటారు. ఈ ఏడు ఆయన తన ఇద్దరు ఫైర్ వాచర్లను చూసి నేర్చుకోమని పంపారు. నిజానికి నేనే వాళ్ళ దగ్గర నేర్చుకున్నాను.

గీతలకు డిసెంబరు చివరి వారం పట్టింది. రోటావేటర్‌తో ముక్క చుట్టూ రెండు చాళ్ళు వేస్తే 12 అడుగుల వెడల్పున మట్టి తేలింది. రాళ్ళున్న చోట ట్రాక్టరు వెళ్ళదు, అక్కడ పారలతో నలుగురం ఒకటిన్నర రోజు చెక్కాం. నడుమ ఉన్న రెండు ఇప్పచెట్ల చుట్టూ ఆరడుగుల మేర ఊడ్చాం. గడ్డి నడుమెత్తు ఉంది, నడిచి చూస్తే చేతిలో పుటుక్కున విరుగుతోంది. పంచెకు గుచ్చుకునే ముళ్ళ గడ్డే ఎక్కువ.

సామాను: రెండు వందల లీటర్ల డ్రమ్ములు రెండు, 16 లీటర్ల స్ప్రే పంపులు మూడు (మందు వాసన పోయేదాకా మూడుసార్లు కడిగినవి), తడిపిన గోనె సంచులు, మోదుగ కొమ్మలు, పారలు, రెండు ఫోన్లు. ఒంటి మీద నూలు బట్టలే, కాళ్ళకు తోలు బూట్లు. పాలిస్టర్ చొక్కాతో వచ్చిన తమ్ముణ్ణి ఇంటికి పంపి మార్పించాను. మొత్తం ఏడుగురం.

రాత పుస్తకంలో ఆ రోజు ఇలా ఉంది. 10:30కి మంచు ఆరింది. గాలిలో తేమ 54 శాతం, ఈశాన్యం గాలి, గంటకు ఏడెనిమిది కిలోమీటర్లు. గాలి అసలు లేని రోజు మంచిదని చాలామంది అనుకుంటారు. నాకు అలాంటి రోజంటేనే టెన్షన్, ఎటు తిరుగుతుందో తెలియదు. మెల్లగా ఒకే దిక్కు నుంచి వీచే గాలి నమ్మదగ్గది.

ముందు బీడంతా వరుసగా నడిచాం, చప్పట్లు కొడుతూ. ఒక కుందేలు, రెండు ముంగిసలు వాగు వైపు పోయాయి. తర్వాత నైరుతి మూలన, అంటే గాలి పోయే వైపు, మంచమంత జాగాలో అంటించి చూశాం. పొగ లేచింది, కొంచెం వంగి పైకి పోయింది. సరే అనుకున్నాక ఆ అంచు పొడుగునా నిప్పు గీసుకుంటూ పోయాను. ఇలా అంటిస్తే మంట గాలికి ఎదురు నడవాలి. మోకాలెత్తు మంట, 60 అడుగులు పోవడానికి 25 నిమిషాలు. చూస్తుంటే విసుగొస్తుంది, అంత నెమ్మది. కానీ ఆ నెమ్మదే పురుగుకూ బల్లికీ దారి ఇస్తుంది. గీత పక్కన 20 అడుగులు నల్లబడ్డాకే పక్క అంచులు అంటించాం. ఉత్తరం వైపు చివరిదాకా తెరిచే ఉంచాం. చుట్టూ ముట్టించి వలయం చేస్తే లోపల ఉన్నదానికి చావే.

మంట మొదలైన పది నిమిషాలకే పసులపోలిగాళ్ళు వచ్చాయి, ఎక్కడ చూశాయో ఏమో. పొగ అంచున దూకి మిడతను పట్టి మళ్ళీ ఇప్పకొమ్మ మీదికి. వాటి వెనక ఒక పాలపిట్ట. దసరాకు ఊరంతా తిరిగినా కనిపించనిది, ఆ రోజు పదిహేను అడుగుల దూరంలో నీలిరెక్క విప్పి పొగలోకి దిగింది.

12:20కి మా కాక పార నేలకు ఆనించి, "గాలి మర్లుతాంది తమ్మీ, ఆగు" అన్నాడు. నాకేమీ తెలియలేదు. ఆయన మెడ వెనక చెమట చల్లబడిన వైపును బట్టి చెప్పాడట. పది నిమిషాలు కొత్త నిప్పు గీయకుండా ఆగాం. గాలి తూర్పుకు పోయి తిరిగి వచ్చింది. అప్పటికి తేమ 41. మిగిలిన మూలను అంటించకుండా వదిలేశాను, కౌజులకు అదీ పనికొస్తుంది.

మొదటి ఏడు ఈ ఓపిక లేదు. 2024లో సాయంత్రం నాలుగింటికి, గాలి వెనక నుంచి తోస్తుండగా అంటించాను. మనిషి కంటే ఎత్తు మంట లేచి నాలుగడుగుల గీతను ఒక్క దాటులో దాటింది. పక్క చేను రేగుకంప కంచె, వరిగడ్డి వామి పోయాయి. రెండు ట్రాక్టర్ల గడ్డి ఇచ్చుకుని కాళ్ళావేళ్ళా పడ్డాను. మంట ఆరాక కూడా తప్పు తీరలేదు. చలికాలం పొద్దు గూకితే చల్లగాలి మూతలా కిందికి దిగి పొగను లేవనివ్వదు. రాత్రంతా అది మా వాడ మీదే కూర్చుంది, ఉబ్బసం ఉన్న ఒక అమ్మమ్మ తెల్లవార్లూ దగ్గింది. ఆమె ఇప్పటికీ నన్ను ఏమీ అనదు. అందుకే ఇప్పుడు పొగ పైకి లేచే పగటి పూటే కాలుస్తున్నాను.

మంట కంటే ఆర్పుడుకే ఎక్కువ సమయం. ఆవు పేడ కడి ఒకటి పైన బూడిద రంగులో చల్లగా ఉంది, అరచేతి వెనక పెట్టి చూసినా వేడి తగల్లేదు. పారతో రెండు చేస్తే లోపల దీపం వత్తి కొసలా ఎర్రగా ఒక చుక్క. గాలి తగలగానే పెద్దదైంది. ఆ రోజు అలాంటివి పదకొండు దొరికాయి, ఒక్కోదాన్ని విరిచి నీళ్ళు పోసి మట్టితో కలిపాం. తునికి మొద్దు ఒకటి రాత్రి తొమ్మిదింటికి కూడా లోపల రాజుకుంటోంది. ఇద్దరు అక్కడే పడుకున్నారు. మర్నాడు ఆరింటికి మళ్ళీ చుట్టూ తిరిగి, పొగ ఎక్కడా లేదని గార్డు సార్‌కు ఫోన్ చేశాను.

జనవరి 23. బూడిద మీద సూదుల్లా పచ్చ. వాగు వైపు అంగుళం, రాళ్ళ వైపు ఇంకా లేదు.

ఫిబ్రవరి 8. పొద్దున 6:30 నుంచి ఇరవై నిమిషాలు, ఎప్పుడూ నిలబడే చింత కిందే నిలబడి కూత లెక్కపెట్టాను. నాలుగు దిక్కుల నుంచి నాలుగు మగ కౌజులు. 2024లో ఇదే వారంలో ఒక్కటే, పోయినేడు రెండు. వానలు, కుక్కలు, వల వేసేవాళ్ళు అన్నీ లెక్కలోకి వస్తాయి కాబట్టి ఇదంతా మంట వల్లేనని అనను. పట్టడానికి పెంచుతున్నావా అని అడిగిన ఇద్దరికి మాత్రం ఆ మాట ఇంకోసారి అనవద్దని గట్టిగానే చెప్పాను.

ఫిబ్రవరి 22. 2024లో కాల్చిన తూర్పు ముక్కలో వంగి చూశాను. గడ్డి దుబ్బుకూ దుబ్బుకూ మధ్య జానెడు ఖాళీ నేల, పైన ఆకులు కలుసుకున్నాయి. దుమ్ములో మూడువేళ్ళ అడుగుల వరుస ఒకటి ఆ సందులోంచి నేరుగా ఈ ఏటి నల్ల నేల అంచు దాకా వచ్చి, అక్కడ చిగుళ్ళు గిల్లి, వచ్చిన దారినే వెనక్కి పోయింది.

వాగు ముక్క మిగిలిన సగంలో లాంటానా నడుమెత్తు అయింది. దాన్ని నిప్పుతో తీయాలనుకోవడం దండగ, కాలిన మొదలు నుంచి మళ్ళీ నాలుగు కొమ్మలు వేస్తుంది. అక్టోబరులో నేల మెత్తగా ఉన్నప్పుడు వేరుతో పెకిలించాలి. గడ్డపారలు రెండు కావాలి, ఒకటి కాక ఇస్తానన్నాడు.