బిల్డ్ అయ్యేసరికి తెల్లారింది

కావలిలో మా ముందుగదిలో ఓ పాత డెస్క్‌టాప్ రాత్రిళ్లు కూడా ఆగదు. ఆర్చ్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్యాకేజీలు, అంటే సాఫ్ట్‌వేర్లు, ముందే బిల్డ్ చేసి, అందరూ దించుకునే రిపాజిటరీలో పెట్టేది దాంతోనే. ఆర్చ్ వాడేవాళ్లే నడిపే ఏయూఆర్‌లో దొరికేది తయారీ విధానం రాసిన పీకేజీబిల్డ్ ఫైలే, కంపైల్, అంటే కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడం, ఎవరికి వాళ్లు చేసుకోవాలి. 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ ఉన్న పిల్లలు పెద్ద ప్యాకేజీని ఎక్కడ కంపైల్ చేసుకుంటారు? అందుకే ఈ పని నాకు ఇష్టం.

మొన్న రాత్రి చీమకుర్తి నుంచి ఓ డిగ్రీ తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, అప్‌డేట్ చేశాక ఎడిటర్ తెరుచుకోవడం లేదు. రేపే ప్రాజెక్టు చూపించాలి." గొంతులో టెన్షన్ తెలుస్తోంది. టెర్మినల్ ఫొటో పంపాడు. రకరకాల భాషల అక్షరాల సంగతి చూసే ఐసీయూ అనే లైబ్రరీ పాత వెర్షన్ దొరకడం లేదని ఎర్రర్. ఆ లైబ్రరీ పెద్ద వెర్షన్ మారితే దాని మీద ఆధారపడ్డవన్నీ మళ్లీ బిల్డ్ చేయాలి. ఆ ఎడిటర్ ఒక్కటి వదిలేశాను, తప్పు నాదే.

పాత పేరుతో కొత్త ఫైలుకు దారి చూపే సిమ్‌లింక్ పెట్టుకోమని చెప్పొచ్చు. కానీ అది ఇంకోచోట దెబ్బతీస్తుంది, నేనెవరికీ చెప్పను. బిల్డ్ పెట్టి కూర్చున్నా. రెండింటికి కరెంటు పోయింది, మళ్లీ మొదటి నుంచి. పాలప్యాకెట్లు వచ్చే వేళకు పూర్తయింది. ఫైలు నాదేనని తెలిపే జీపీజీ సంతకం వేసి, రిపాజిటరీ జాబితాలో చేర్చే రెపో-యాడ్ కమాండ్ కొట్టి ఎక్కించా.

ఆరున్నరకు మెసేజ్: "తెరుచుకుందన్నా."