జపాన్ చేటకు కార్డు రాయడం: నా మ్యూజియం ట్రైనింగ్ అనుభవం

జపాన్‌లో మ్యూజియం క్యూరేటర్‌గా పనిచేయాలంటే ‘గకుగేయిన్’ అనే అర్హత కావాలి. 1951లో వచ్చిన మ్యూజియం చట్టం పెట్టిన పద్ధతి ఇది. డిగ్రీతో పాటు నిర్ణయించిన సబ్జెక్టుల్లో 19 క్రెడిట్లు తెచ్చుకోవాలి. 2012కి ముందు 12 సరిపోయేవట. చాలావరకు క్లాసులో కూర్చుని చదివి గట్టెక్కేవే. మూడు క్రెడిట్ల ప్రాక్టికల్ మాత్రం అలా కాదు, మ్యూజియంలోకి దిగి వస్తువులతో పనిచేయాలి. టోక్యోలో చదువుకుంటూ నేను ఆ ట్రైనింగ్‌ను ఒక యూనివర్సిటీకి చెందిన జానపద మ్యూజియంలో చేశాను. ఈ దారి గురించి తెలుగులో రాసినవాళ్ళు నాకు కనబడలేదు. అందుకే కాస్త వివరంగా చెబుతున్నాను.

ట్రైనింగ్ వేసవి సెలవుల్లోనే అయినా, ముందు ఏడాది నుంచే మాట్లాడిపెట్టుకోవాలి. ఒక్కో మ్యూజియం తీసుకునేది కొద్దిమందినే. మన యూనివర్సిటీ నుంచి విజ్ఞప్తి లేఖ, హామీపత్రం, పొరపాటున వస్తువు ఏదైనా దెబ్బతింటే వర్తించే ఇన్సూరెన్స్ కాగితం జత చేయాలి. వీటితో పాటు ‘ఇక్కడే ఎందుకు చేయాలనుకుంటున్నారు’ అన్నదానికి ఒక పేజీ జవాబు రాయాలి. టెన్షన్ అంతా ఆ పేజీ దగ్గరే. అందమైన వస్తువులు చూడాలనుంది అని రాస్తే అది జానపద మ్యూజియంకి అతికే మాట కాదు. చేతిపని వస్తువుల అందాన్ని ముందు పెట్టే మ్యూజియం టోక్యోలోనే కొమాబాలో వేరే ఉంది. 1936 నుంచీ నడుస్తోంది. నేను అడుగుపెట్టాలనుకున్న సంప్రదాయం వేరు.

దాని మూలపురుషుడు షిబుసావా కేయిజో. పెద్ద వ్యాపార కుటుంబంలో పుట్టి, యుద్ధకాలంలో బ్యాంక్ ఆఫ్ జపాన్ గవర్నర్‌గా, ఆ తర్వాత ఆర్థిక మంత్రిగా చేసిన మనిషి. ఆయన 1921లో తన ఇంటి అటక మీద స్నేహితులతో కలిసి బొమ్మలు, ఎండబెట్టిన మొక్కలు, రాళ్ళు పోగుచేయడం మొదలుపెట్టాడు. ఆ అటకకే ‘అటిక్ మ్యూజియం’ అని పేరు. పోనుపోను వాళ్ళ చూపు మామూలు జనం వాడే గడ్డిచెప్పులు, బుట్టలు, గంపల మీదికి మళ్ళింది. 1930లలో మడమ దాకా కూడా రాని పొట్టి గడ్డిచెప్పుల మీద పరిశోధన చేస్తూ, లోపల ముడి ఎలా తిరిగిందో చూడటానికి వాటికి ఎక్స్‌రే తీయించారు. రైతు కాలికింద అరిగిన చెప్పుకు ఎక్స్‌రే! ఆ సంగతి చదివిన రోజే నేను ఈ చదువుకు కట్టుబడిపోయాను. ఆ అటిక్ మ్యూజియం నుంచి ఎదిగిన పరిశోధనా సంస్థే 1982లో యోకొహామాలోని కనగావా యూనివర్సిటీలో చేరి, ఇప్పటికీ పనిచేస్తోంది.

నా పేజీలో ఇదంతా రాసి, చివర మా అమ్మమ్మ చేట గురించి రాశాను. మేదరివాళ్ళ దగ్గర కొన్న చేటకు మెంతులు, నానబెట్టిన కాగితం కలిపి రుబ్బిన గుజ్జు పూసి ఎండబెట్టేది. అది ఎప్పుడు చిరిగిపోయిందో, ఎవరు పారేశారో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. సీటు వచ్చింది.

మొదటిరోజు ఉంగరం, గాజులు, వాచీ తీసేయమన్నారు. పెన్ను లోపలికి తేకూడదు, పెన్సిలే. స్టోర్‌రూమ్ మూలల్లో పురుగుల కోసం జిగురు ట్రాపులు ఉంటాయి. వాటిలో ఏ పురుగు ఎన్ని పడ్డాయో లెక్కరాయడం మా పని. వినడానికి చిన్న పనిలా ఉంటుంది గానీ, గడ్డి, వెదురు, కర్ర నిండిన గదికి అదే ప్రాణం. ఒకప్పుడు మిథైల్ బ్రోమైడ్ గ్యాస్ పట్టించేవాళ్ళు. ఓజోన్ పొరకు హాని అని 2005 నుంచి ఆపేశారు. ఇప్పుడు పురుగు రాకుండా ముందే చూసుకోవడమే అసలు వైద్యం.

తర్వాత నాకు అప్పగించిన వస్తువు చూసి ఒక్క క్షణం నోట మాట రాలేదు. అది చేట! జపాన్‌లో ‘మి’ అంటారు. మూడు పక్కలా అంచు లేచి, ముందువైపు తెరుచుకుని, అచ్చం మన చేటలాగే ఉంటుంది. కాకపోతే బాగా పెద్దది. అడవి తీగ నారనూ సన్న వెదురునూ కలిపి అల్లినది. చిబా ప్రాంతంలోని కిజుమిలో ఈ రకం చేట అల్లే విద్యను 2009లో జాతీయ స్థాయి జానపద సంపదగా ప్రకటించారు.

మెత్తటి కుంచెతో దుమ్ము దులిపాను. నీళ్ళు తగలకూడదు. అల్లిక సందుల్లో ఇరుక్కున్న ఊకను మాత్రం పారేయకూడదు. పట్టకారుతో ఒక్కొక్కటే తీసి చిన్న కవరులో వేసి, ఆ చేట నంబరే రాసి దాచాం. ఏ పంటకు వాడారో రేపు ఎవరైనా పరీక్షించాలనుకుంటే అదే సాక్ష్యం. మిల్లీమీటర్ గళ్ళ కాగితం మీద కొలతలతో బొమ్మ గీయడం అన్నిటికన్నా ఎక్కువ టైమ్ తీసుకుంది. కంటికి కనబడినట్టు కాదు, కొలిచింది కొలిచినట్టు గీయాలి. అలా గీస్తేనే ముందు అంచు కుడివైపు ఎక్కువ అరిగిందని, వెనక మూలలో ఎవరో నీలం గుడ్డపీలికతో కుట్టి బాగుచేశారని తెలిసింది. కుట్లు దగ్గర దగ్గరగా, ఎంతో శ్రద్ధగా ఉన్నాయి. అల్లిక మీద నంబరు రాయలేం కాబట్టి, చీటీ రాసి నూలుదారంతో కట్టాం.

ప్రతి వస్తువుకూ వివరాలు రాసిపెట్టే కార్డులో ‘ఉపయోగం’ అనే గడి ఉంటుంది. పాత జాబితాలో ‘వ్యవసాయం, ధాన్యం చెరగడం’ అని ఉంది. చేటను మ్యూజియంకి ఇచ్చిన కుటుంబంలోని పెద్దావిడతో మాట్లాడి వివరాలు నింపే పని మాకు ఇచ్చారు. సోయా, ఎర్ర చిక్కుళ్ళు చెరిగేదాన్నని ఆవిడ చేతులు తిప్పి చూపించారు. మాకు పని నేర్పే సెన్సే (గురువుగారు) ఇక లేవబోతుంటే నేను ఆగమని ఒక ప్రశ్న అడిగాను: “పసిపిల్లలకు దీన్ని ఎప్పుడైనా వాడారా అమ్మా? మా ఊళ్ళో పుట్టిన బిడ్డను చేటలో పడుకోబెడతారు.”

ఆవిడ ముఖం వెలిగిపోయింది. “మా పెద్దాడి మొదటి పుట్టినరోజుకు ఇందులోనే నిలబెట్టాం” అన్నారు. ఒక ‘షో’ బియ్యంతో, అంటే సుమారు 1.8 లీటర్ల బియ్యంతో చేసిన మోచి (జిగురు బియ్యాన్ని దంచి చేసే పిండివంట) ముద్దను గుడ్డలో మూటగట్టి బిడ్డ వీపుకు కడతారు. దాదాపు రెండు కిలోల బరువు. బిడ్డ తూలి పడి ఏడిస్తే కూడా శుభమేనట. నీలం గుడ్డపీలిక సంగతీ అప్పుడే బయటపడింది. అది వాళ్ళ అత్తగారి పొలం బట్టలోది, కుట్టిందీ ఆవిడే. సెన్సే మళ్ళీ కూర్చుని నోట్‌బుక్ తెరిచారు. ‘ఉపయోగం’ గడి సరిపోక కార్డు వెనక్కి తిప్పి రాశాం.

ఈ పని ఎందుకింత ముఖ్యమో 2024లో జపాన్ అంతా చూసింది. నారాలో ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది) ప్రభుత్వం నడిపే జానపద మ్యూజియంలో సుమారు 45 వేల వస్తువులు పెట్టడానికి చోటు లేక, ఏవి ఉంచాలి ఏవి తీసేయాలి అన్న చర్చ పెద్ద గొడవే అయింది. ఒకే రకం పనిముట్లు అన్నేసి ఎందుకు అన్న ప్రశ్న న్యాయంగానే అనిపిస్తుంది. కానీ కార్డు లేని రెండు చేటలే ఒకటిగా కనబడతాయి. అత్తగారి పొలం బట్టతో కుట్టిన చేటను ఇంకో చేటతో సమానమని నేను ఒప్పుకోలేను.

చివరి ఘట్టం కూడా కాగితాలే. రోజువారీ డైరీకి సెన్సే సంతకం, మ్యూజియం ఇచ్చే మార్కులు, మ్యూజియంకి మనం చేత్తో రాయాల్సిన కృతజ్ఞతా లేఖ. క్రెడిట్లు పూర్తయితే అర్హత వచ్చినట్టే, విడిగా పరీక్ష రాయక్కర్లేదు. ఉద్యోగాలు మాత్రం చాలా తక్కువ, అది తెలిసే దిగండి.

ట్రైనింగ్ చేయకపోయినా ఇలాంటివి చూడాలనుంటే, ఒసాకా శివార్లలోని జాతీయ ఎథ్నాలజీ మ్యూజియంకి వెళ్ళండి. షిబుసావా అటక మీద మొదలైన వస్తువులు చేతులు మారి చివరికి అక్కడికే చేరాయి. టోక్యోలో ఉన్నవాళ్ళకు కొదైరాలోని ముసాషినో ఆర్ట్ యూనివర్సిటీ దగ్గర. ఊరూరా నడిచి జనజీవితాన్ని రాసిన మియామొతో త్సునెయిచి అక్కడ పాఠాలు చెప్పేవారు. ఆయన, ఆయన విద్యార్థులు మొదలుపెట్టిన సేకరణ ఇప్పుడు దాదాపు 90 వేలు, అందులో వెదురు సామాను చూసి తీరాలి. యూనివర్సిటీ మ్యూజియాలు సెలవుల్లో మూసి ఉంటాయి కాబట్టి, తెరిచే రోజులు కనుక్కుని బయల్దేరండి.