కదిరి పక్కన ఒక ఊర్లో చింతగింజల ఆట

నా ఉద్యోగం మ్యాపులు చేయడం. హైదరాబాద్‌లో ఏసీ కింద కూర్చుని 2050 నాటికి ఏ మండలంలో ఎండ ఎంత ముదురుతుంది, వాన ఎట్లా మారుతుంది అని రంగులేసి పంపిస్తుంటా, ఆ మ్యాపు తర్వాత ఎవరి చేతికి పోతుందో, అసలు ఎవరన్నా తెరిచి చూస్తారో లేదో పట్టించుకున్నది ఎప్పుడూ లేదు. పోయిన నవంబర్‌లో ఒక సంస్థలో పనిచేసే ఫ్రెండ్ ఫోన్ చేసి, మేము ఊర్లో జనాన్నే కూర్చోబెట్టి వచ్చే ఏళ్ళ లెక్కలు వాళ్ళతోనే వేయిస్తున్నాం, ఒకసారి రారా అంటే సరేనని రాత్రి బస్సెక్కేశా.

తెల్లారి అనంతపురంలో దిగి కదిరి బస్సు పట్టుకున్నా. కదిరిలో ఉగ్గాని బజ్జి తిన్నా, దాని గురించి రాయడం మొదలుపెడితే ఇది ఫుడ్ బ్లాగ్ అయిపోద్ది కాబట్టి వదిలేస్తున్నా. అక్కడి నుంచి ఆటోలో ఊరికి. దారి పొడుగునా గుట్టలు, చెనక్కాయ చేలు, మధ్యమధ్యలో డ్రిప్పు పైపులు పరిచిన టమాటా తోటలు.

లాప్‌టాప్ నిండా గ్రాఫులు పెట్టుకుని పోయా. బ్యాగ్ జిప్ కూడా తీయలేదు.

వేపచెట్టు కింద ఒక ప్లాస్టిక్ టబ్బు, అందులో 50 చింతగింజలు. అదే భూమి లోపల నీళ్ళు. చుట్టూ ఐదుగురు రైతులు, అందులో ఇద్దరు ఆడవాళ్ళు. బోరు కింద చెనక్కాయ వేస్తే ఒక గింజ తీసుకోవాలి, 2 రూపాయలు వస్తాయి. టమాటా వేస్తే మూడు గింజలు, 5 రూపాయలు. ఏడాదికోసారి వానకి టబ్బులో 5 గింజలు తిరిగి పోస్తారు. మొదటి ఆటలో ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. ఇలాంటి ఆటని పదేళ్ళ కిందటే అనంతపురం, చిత్తూరు జిల్లాల్లో పరిశోధకులు ఆడించారు, చదివా కానీ చూడ్డం ఇదే మొదటిసారి.

మొదటి ఏడు నలుగురు టమాటా, ఒకామె చెనక్కాయ. 42 మిగిలాయి. రెండో ఏడు ఆమె కూడా టమాటాకి దిగింది, "అందరూ తోడుకుంటా ఉంటే నేనొక్కదాన్నే దాచిపెట్టి ఎవురికియ్యాలప్పా" అని నవ్వుతా. తర్వాత 32, 22, 12. ఐదో ఏడు ఐదుగురికీ కలిపి 15 కావాలి, టబ్బులో ఉన్నవి 12. ఒకాయన చెయ్యి పెట్టి టబ్బు అడుగు గీరాడు, ఆ చప్పుడుకి అందరూ నవ్వారు గానీ పక్కన నిలబడినాయన నవ్వలేదు, మా తోటలో నాలుగు బోర్లు ఎండినాయి అన్నాడు.

రెండో ఆటలో మాట్లాడుకోవచ్చు. పది నిమిషాలు గొడవపడి, ఏడాదికి ఒక్కరే టమాటా, అదీ వంతులవారీగా, మిగతా నలుగురూ చెనక్కాయ అని తేల్చుకున్నారు. ఖర్చు 7, వచ్చేది 5, నెమ్మదిగా తగ్గుతుంది గానీ బతకొచ్చు. అప్పుడు మా ఫ్రెండ్ వాన కార్డులు తీశాడు. కరువు కార్డు వస్తే 2 గింజలే. ఇంకోటి, ఏడాది వాన మొత్తం వారంలో కురిసే కార్డు. మనం వాతావరణ మార్పు అనగానే కరువే అనుకుంటాం, వాతావరణాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే మోడల్స్ మాత్రం మన వైపు రుతుపవనాల వాన మొత్తమ్మీద పెరగొచ్చనే చెప్తున్నాయి, కాకపోతే కుండపోతలు ఎక్కువవుతాయి. 2021 నవంబర్ వరదలు రాయలసీమలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఆ కార్డుకి ఎన్ని గింజలు పోయాలి? నన్నడిగితే నా దగ్గర అంకె లేదు. ఒక పెద్దాయన లెక్క తేల్చాడు. వంక నుంచి చెరువుకి వచ్చే కాలువ పూడిపోయింది, ఎంత వానైనా పక్కకే పోతుంది, 5 కంటే ఎక్కువ పోయొద్దు, కాలువలో పూడిక తీసుకుంటే 8 పోయండి అన్నాడు. ఆయన ఒకప్పుడు బోర్లలో నీటిమట్టం కొలిచి నోట్‌బుక్‌లో రాసిన మనిషంట. 2003 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల్లో రైతులే వాన కొలిచి, బోర్లు కొలిచి, రబీకి ముందు నీటి బడ్జెట్ వేసుకునే ప్రాజెక్టు నడిచింది, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) సాయంతో. ఏ పంట వేయాలో ఎవరూ ఆర్డర్ వేసేవాళ్ళు కాదు, లెక్క గోడ మీద రాసి వదిలేసేవాళ్ళు. నేను శాటిలైట్‌తో చేసే పని ఈయన తాడుతో చేశాడు.

ఇంతలో గొర్రెలాయన వచ్చాడు. భుజాన గొంగడి, కాసేపు నిలబడి చూసి, "ఈ ఆటలో మా గొర్రెలు యాడ తాగాల?" అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. ఆట తయారుచేసినోళ్ళకి గానీ, నాకు గానీ ఆ ఆలోచనే రాలేదు. చేలు కోశాక ఆయన మంద అందులోనే మేస్తుంది, ఎరువు పడుతుంది, చెరువు ఎండితే ఎవరో ఒకరి బోరు తొట్టి దగ్గరికి పోవాలి. ఏడాదికి రెండు గింజలు గొర్రెలకి పక్కన పెట్టమన్నాడు. లెక్కేస్తే సరిగ్గా ఒక టమాటా వంతు మానుకుని చెనక్కాయ వేస్తే మిగిలేది రెండే. ఆ ఏడు వంతు ఎవరిదో ఆయన మొహం చూడాలి! కరెంటు ఎవరిది, తొట్టి ఎవరు కడగాలి, మంద పక్కూరిదైతే ఏం చేయాలి అని గంటసేపు, మోడల్లో అస్సలు పట్టని విషయాలన్నీ బయటికొచ్చాయి. చివరికి ఒక గింజ అన్నారు, ఆయన తలూపలేదు, వచ్చే నెల మళ్ళీ కూర్చుందాం అని లేచిపోయారు.

మధ్యాహ్నం సంగటి, ఊరుబిండి పెట్టారు. మొదటి ఏడు చెనక్కాయ వేసినామె పక్కనే కూర్చుంటే అడిగా, అక్కా ఈసారి నిజంగా బోరు కింద ఏం వేస్తావు అని.

"మదనపల్లి మార్కెట్లో టమాటా రేటు చూసి చెప్తాలే" అంది.