హామ్ రేడియో సిగ్నల్ ఏదో వినగానే కాదు, చూడగానే తెలిసిపోతుంది
హామ్ రేడియోలో (లైసెన్సుతో అభిరుచి కోసం నడిపే రేడియో) 14.074 మెగాహెర్ట్జ్‌కి ట్యూన్ చేస్తే సన్నటి ఈలల గోల, 15 సెకన్ల లెక్కన అన్నీ ఒకేసారి ఆగి కాస్త ఊపిరి తీసుకుని మళ్లీ మొదలవుతాయి. అదే ఎఫ్‌టీ8. కంప్యూటర్‌తో పొట్టి సందేశాలు పంపుకునే ఈ డిజిటల్ పద్ధతి 2017లో వచ్చి బ్యాండంతా ఆక్రమించేసింది (నాకు కొంచెం విసుగే). ఎఫ్‌టీ4 కూడా దాదాపు ఇలాగే ఉంటుంది కానీ లయ 7.5 సెకన్లు, అందుకే అనుమానం వస్తే ముందు గడియారం చూడండి.

ఆర్‌టీటీవైకి (రేడియో టెలిటైప్, అక్షరాలు పంపే పాత పద్ధతి) చెవి చాలు: రెండు స్వరాల మధ్య గబగబా ఊగే శబ్దం, వాటర్‌ఫాల్‌లో (సిగ్నళ్లను తెర మీద గీతలుగా చూపే చిత్రం) సాధారణంగా 170 హెర్ట్జ్ ఎడంతో రైలు పట్టాల్లా రెండు గీతలు.

పీఎస్‌కే31 (టైప్ చేసి కబుర్లాడుకునే పద్ధతి) మాత్రం 14.070 దగ్గర వణికే ఒంటి ఈల, తెర మీద సన్నటి ఒక్క గీత, చెవికంటే కంటికే తొందరగా దొరుకుతుంది. 14.230లో లయగా గీరుతున్నట్టు వినిపిస్తే ఎవరో ఫొటో పంపుతున్నారన్నమాట, అదే స్లో స్కాన్ టీవీ, అంటే ఎస్‌ఎస్‌టీవీ, వెంటనే ఆ శబ్దాన్ని బొమ్మగా మార్చే డీకోడర్ ఆన్ చేయండి.