పంక్చరైన చోట చదివిన రాయి

ఒంగోలు నుంచి దూబగుంటకు పోయి రావడం ఒక్క పూట పని అనుకున్నాను. కావలి దాకా హైవే కాబట్టి ఇబ్బంది లేదు. కావలి బస్టాండు దగ్గర ఇడ్లీ ప్లేటు 40 రూపాయలు, చట్నీ మాత్రం ఉత్త నీళ్లు. అక్కడే మూడ్ పోయింది.

దారి పక్కన రాళ్లు, బోర్డులు చదవడం నాకో పిచ్చి. మా జిల్లాకు పేరిచ్చిన ప్రకాశం పంతులు పుట్టిన వినోదరాయునిపాలేన్ని కూడా ఇలాగే ఒక ఆదివారం చూసొచ్చాను. దూబగుంట మీద ఆసక్తికి కారణం వేరే. మా వీధి చివర సారా కొట్టు ఉండేది. వారుణి వాహిని అని పేరుపెట్టి ప్రభుత్వమే ప్యాకెట్లలో సారా అమ్మించిన రోజులవి. ఖాళీ ప్యాకెట్లు ఏరుకొచ్చి నీళ్లు నింపి ఆడుకుంటుంటే మా అమ్మ వీపు చిట్లగొట్టింది. తర్వాత కొన్నేళ్లకే, 1992లో, నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలోని ఆ చిన్న ఊరి పేరు, అక్కడ సారా మీద తిరగబడ్డ దూబగుంట రోశమ్మ పేరు పేపర్లలో మోగిపోయాయి.

కావలిలో ఉదయగిరి బస్సెక్కి కిటికీలోంచి రాళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. అన్నీ శిలాఫలకాలే. సిమెంటు రోడ్డుకొకటి, వాటర్ ట్యాంకుకొకటి. జలదంకి దాటాక టైరు పంక్చరైంది. అందరం దిగి పక్కనే ఉన్న బస్ షెల్టర్‌లో కూలబడ్డాం. దాని గోడకూ ఒక నల్లరాయి.

"ఏంది అబ్బయా, అంతగా చూస్తుండావు?" అంది నా పక్కన సంచి పెట్టుకుని కూర్చున్న పెద్దావిడ.

"ఏం రాశారో చదువుతున్నానమ్మా."

"ఉండు, నేను చదువుతా."

లేచి రాయి మీద వేలు పెట్టింది. గౌ... ర... వ... ఒక్కో అక్షరాన్నీ గట్టిగా పలికింది. నాలుగో లైను దగ్గర ఆగి, "ఇదేందిది, అందరూ గౌరవనీయులేనా!" అంది. బస్సువాళ్లంతా నవ్వారు. ఆమె నవ్వలేదు.

అక్షరాస్యత ఉద్యమం జోరుగా సాగిన రోజుల్లో రాత్రి బడికి వెళ్లి నేర్చుకుందట. "మొగోళ్లు తాగి పడిపోయినాక పలకలు పట్టుకొని పోయేవాళ్లం. వాళ్లు లేస్తే రచ్చే."

మీది దూబగుంటా అని ఆశగా అడిగాను. కాదంది. దూబగుంట ఆడవాళ్లు సారా మాన్పించిన సంగతి పాఠంగా వస్తే చదివారట. "ఆళ్లు చేసింది మనం చెయ్యలేమా అనుకున్నాం. ప్యాకెట్ల మూటలతో జీపొస్తే అడ్డం కూర్చున్నాం, పిలకాయల్ని కూడా కూర్చోబెట్టినాం. డ్రైవరు హారన్ కొట్టీ కొట్టీ వెనక్కి తిప్పుకున్నాడు."

ఇలాంటి ఊళ్లు నెల్లూరు జిల్లాలో ఎన్నో. అందుకే అధికారులు సారా అమ్మకానికి వేలంపాట పెట్టాలని చూసినప్పుడల్లా వాయిదా పడింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయింది. 1995 జనవరిలో మద్యమే నిషేధించారు, 1997లో ఎత్తేశారు. ఈ తేదీలు నేను చెప్పబోతుంటే ఆమె మధ్యలోనే అందుకుంది: "అంతా కలిపి రెండేళ్లు. ఆ రెండేళ్లల్లోనే మా పెద్దమ్మి పెళ్లి చేసినా. అప్పు లేకుండా."

స్టెప్నీ మార్చడానికి ముప్పావు గంట పట్టింది. జాకీ జారినప్పుడల్లా డ్రైవరూ కండక్టరూ ఒకరినొకరు తిట్టుకున్నారు. తర్వాత కలిగిరిలో దిగి, ఆటోవాడితో బేరమాడి ఓడిపోయి, దూబగుంట వెళ్లాను. అక్కడ రెండు గంటలు తిరిగాను, టీ తాగాను. ఆ సంగతి ఇంకెప్పుడైనా రాస్తాను. నా బుర్రంతా ఆ షెల్టర్‌లోనే ఉండిపోయింది.

బస్సు బయల్దేరబోతూ ఉంటే అందరం ఎక్కేశాం, ఆమె తప్ప. రాయి కింది లైను మిగిలిందట. అంచనా వ్యయం దగ్గర వేలు పెట్టింది.

"అయిదు లచ్చలా? దీనికా?"

తలెత్తి పైకప్పు రేకు చూసింది. స్తంభాన్ని వేళ్లతో టకటకా కొట్టి చూసింది. కండక్టర్ విజిల్ వేస్తున్నాడు. ఆమె మళ్లీ రాయి దగ్గరికెళ్లి, సున్నాలు మొదటినుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.